పన్నెండు గదులు, తొమ్మిదిమంది సాక్షులు

1. సోమవారం

అచ్చు కాగితం మళ్లీ చెమ్మ పట్టింది. పొద్దున్నే కట్టలు విప్పి పొయ్యి దగ్గర తీగె మీద ఆరేశాను. గుమ్మిగెడ్డలో చలికాలం పత్రిక నడపడమంటే సగం చాకిరేవు పని. ఈ వారం మొదటి పేజీకి వార్త ఒక్కటే. ఊళ్లో ఒప్పందాలు జరిగే నాలుగు సభాగదుల్ని పన్నెండు చేయాలని పర్యాటక మండలి అనుకుంటోంది. శుక్రవారం బహిరంగ సభ పెట్టి అక్కడే తీర్మానం చేస్తారు.

మండలి అధ్యక్షురాలు మృణాళిని గారిని కలిశాను. ఆవిడ ఈ ఊరు వచ్చి రెండేళ్లయింది. బల్ల మీద కొండ నమూనా, దాని మీద గదులకు గుర్తుగా చెక్కముక్కలు పెట్టుకుని ఉన్నారు. కిందటి నెల ఓడల కంపెనీ వాళ్లు సభకు గది దొరక్క బడి వరండాలో మూడు రాత్రులు పడుకుని, చివరికి ఎర్రమెట్టకు వెళ్లిపోయారట. ఎర్రమెట్టలో ఇరవై గదులు కడుతున్నారు. "వాళ్లకు గదులున్నాయి, మనకు పేరుంది. పేరు చూసి ఎన్నాళ్లు వరండాలో పడుకుంటారు చెప్పండి," అన్నారు. న్యాయమైన ప్రశ్నే. రాసుకున్నాను.

నేను రెండు అడిగాను. గదులు ఎక్కడ కడతారు? నాలుగు సంత వైపు. మిగతా నాలుగు చెక్కముక్కల్నీ ఆవిడ కింది వాలు మీద పెట్టారు. అక్కడ రేవుపేట ఉంది. సముద్రం ఊళ్లను మింగాక పైకి వచ్చిన చేపల వాళ్లు తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంటున్నారు. అది రెండో విడత అనీ, ఇప్పటికి ఆలోచన మాత్రమేననీ అన్నారు.

రెండోది, ఆ గదుల్లో సాక్షులుగా ఎవరు కూర్చుంటారు? ఊళ్లో సాక్షులు తొమ్మిదిమందే. నాలుగు గదులకే చాలడం లేదు. సభ మర్నాడు సాక్షి మాట్లాడకుండా ఉండే మూగరోజును సగం రోజు చేస్తే సరిపోతుందని ఆవిడ లెక్క. మూగరోజు చట్టం కాదు, ఈ ఊరి ఆచారం. ఆచారాన్ని మండలి తీర్మానంతో మార్చుకోవచ్చని చట్టంలోనే ఉంది. తీర్మానాన్ని సాక్షి మున్సిఫ్ ముందు ఒప్పజెప్పి, రెండు పక్షాలూ ఔనన్న రోజు నుంచి మార్పు అమల్లోకి వస్తుంది. ఇది కూడా సరిగ్గానే చెప్పారు.

2. మంగళవారం

సాక్షి నూకరత్నం అప్ప ఇంటికి వెళ్లాను. గుమ్మానికి విస్తరి బోర్లించి కట్టి ఉంది. వెనక్కి తిరిగాను. ఆ గుర్తున్న ఇంట్లో సాక్షి మూగరోజులో ఉంటుంది. ఎవరూ పలకరించరు. కూరగాయల బండివాడు కూడా ఆ వీధిలో కేక వేయడు. ఆమె భర్త అప్పలకొండ అరుగు మీద కూర్చుని విస్తళ్లు కుట్టే అడ్డాకులు తుడుస్తున్నాడు. రేపు రమ్మని చేత్తో సైగ చేశాడు.

నా చిన్నప్పుడు ఎవరో మా నాన్న గొంతుతో ఫోన్ చేసి మా పొలం అమ్మించేశారు. నాన్న నవ్వుతూ సంతకం పెడుతున్న వీడియో కొన్నవాడి దగ్గర ఉంది. ఆ రోజు నాన్న ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. అలాంటివి ఊరూరా జరిగాక తెర మీద ముఖాన్ని, ఫోన్లో గొంతును, కాగితం మీద సంతకాన్ని కోర్టులు నమ్మడం మానేశాయి. ఇప్పుడు ఏ ఒప్పందమైనా ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని నోటితో చెప్పుకోవాలి, మూడో మనిషి వినాలి. ఆ మూడో మనిషే సాక్షి. సభ మర్నాడంతా మాట్లాడకుండా, మరో మాట వినకుండా ఉండి, ఆ తర్వాతి రోజు మున్సిఫ్ ముందు విన్నదంతా ఒప్పజెప్పాలి. రెండు పక్షాలూ ఔనంటే అది ఖాయం. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా చెప్పగలగాలి.

చల్లటి గాలి, నమ్మకమైన సాక్షులు. జనం తాడుబండి ఎక్కి ఈ కొండకు వచ్చేది ఈ రెండింటి కోసమే. హోటళ్లూ, టీ కొట్లూ, నా పత్రికా వాళ్ల మీదే బతుకుతున్నాయి.

3. బుధవారం

అప్ప విస్తళ్లు కుడుతూ మాట్లాడింది. ఇక్కడి సాక్షులు జ్ఞాపకం పెట్టుకునే తీరు అదే. మూగరోజున ఒక్కో షరతుకు ఒక్కో అడ్డాకు తీసుకుని, మనసులో ఆ షరతు చెప్పుకుంటూ పుల్ల గుచ్చుతారు. విస్తరి పూర్తయ్యేసరికి ఒప్పందం పూర్తవుతుంది. తర్వాత ఎప్పుడు తలచుకోవాలన్నా అన్నే ఆకులతో మళ్లీ కుడతారు. తొమ్మిదేళ్ల కిందట తాను విన్న రేవుపేట ఒప్పందం ఏడాకుల విస్తరి అని చెప్పింది. ఆ ఆకుల్లో ఏముందో చెప్పలేదు, నేను అడగలేదు. ఒప్పందం మాటలు సాక్షి నోట, అదీ మున్సిఫ్ ముందే రావాలి. నలుగురి నోళ్లలో నలిగితే నాలుగు రకాలవుతాయని ఇక్కడి నమ్మకం.

ఈ సీజనులో తనను రెండుసార్లు మూగరోజున పిలిచి మరో గదిలో కూర్చోబెట్టారని చెప్పింది. తక్కినవాళ్లనూ అలాగే పిలుస్తున్నారట. ఇదొక్కసారికి సర్దుకోమని ప్రతిసారీ అంటారట.

"మొన్న మీ బావకి అన్నం ఒడ్డిస్తా, బస్తాకెంత అని అడిగీసినాను తమ్ముడూ," అంది. అప్పలకొండ అరుగు మీంచే, తాను మాత్రం పాత రేటుకే తిన్నానన్నాడు. ముగ్గురం నవ్వాం. నవ్వాక ఆమె గుచ్చిన పుల్ల లాగి, ఆ ఆకునే మళ్లీ గుచ్చింది.

నియమం కఠినమైనది. సాక్షి ఒప్పజెప్పిన దాంట్లో జరగని మాట ఒక్కటి ఉందని తేలితే ఆ సాక్షిని పట్టీలోంచి కొట్టేస్తారు. అంతకు ముందు ఆమె ఒప్పజెప్పినవన్నీ ఆమెతోపాటే పోతాయి.

"నా పేరు పోతే పోనీ. విస్తళ్లు కుట్టుకుని బతుకుతాను. కింద పేటోల్లు ఏటైపోతారు? ఆల్లకి నా నోరు తప్ప ఇంకేటుంది?"

మరి మూగరోజున ఎందుకు వెళ్లావని అడిగాను. గది బయట జనం సామాన్లతో నిలబడి ఉన్నారట. చలికి వణుకుతున్న ముసలాయన ఒకడు ఆమెను చూసి దండం పెట్టాడట.

4. గురువారం

రేవుపేటకు వెళ్లాను. సంత నుంచి అక్కడికి మెట్లదారి. నాలుగేళ్ల కిందట పేట కుర్రాళ్లు రాళ్లు మోసి కట్టుకున్నారు. ఆ వార్త నేనే రాశాను. అంతకు ముందు అక్కడ జారుడు బాటే ఉండేది, వానాకాలం తాడు పట్టుకుని దిగేవాళ్లం. ఇప్పుడు సభలకు వచ్చినవాళ్లు సాయంత్రాలు ఆ మెట్ల మీద నడుస్తారు, ఎండుచేపలు కొంటారు.

మైలపల్లి పోలమ్మ చేపలు తిరగేస్తూ కనిపించింది. తొమ్మిదేళ్ల కిందట పేట తరఫున గదిలో కూర్చున్నది ఈవిడే. అవతలి పక్షం తోట యజమాని. ఆయన పోయి మూడేళ్లయింది. మండలి ఆలోచన సంగతి ఆమె అప్పటికే విని ఉంది.

"కొత్త గదులకి మా సేపల వోసన పడదు గావాల. మరి పొద్దుగూకేసరికి ఆ కోట్లోల్లందరూ ముక్కు మూసుకోకుండా మా కాడికే వొత్తారేటి?"

ఎండుచేపలు ఓ పొట్లం కట్టి ఇచ్చింది. ఎంత అంటే, బాగా రాయి చాలు అంది. బాగా రాయడం నా పని కాదనీ, ఉన్నది రాస్తాననీ అన్నాను. అయితే డబ్బులిమ్మంది. ఇచ్చాను.

వెళ్లమంటే ఏం చేస్తారని అడిగాను. ఆమె కిందికి చూసింది. మంచు విడితే ఇక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది. "ఎనక్కెల్దారంటే ఊరు లేదు, పైకెల్దారంటే కొండైపోయింది. రత్నం ఉన్నన్నాల్లు మాకు బెంగ లేదు," అంది.

5. శుక్రవారం

బహిరంగ సభ. ఒకటో గది నిండిపోయి జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. మండలి సభల్లో ఊరి పక్షాన ఒకరు కూర్చోవాలి. మర్నాటి మర్నాడు ఒప్పజెప్పు విని, ఊరి తరఫున ఔనో కాదో చెప్పేది ఆ మనిషే. ఈసారి నన్ను కూర్చోబెట్టారు. సాక్షి నూకరత్నం అప్ప. నీలం అంచు చీర కట్టుకుని, ఎప్పటిలాగే గోడవైపు తిరిగి కూర్చుంది. ముఖాలు చూస్తే మాటలు చెదురుతాయంటుంది.

మృణాళిని గారు గంటసేపు మాట్లాడారు. ఎక్కడా అబద్ధం చెప్పలేదు. హోటళ్ల వాళ్లు ఒప్పుకున్నారు. వాళ్లలో ఒకాయన లేచి, ఎన్ని గదులు కట్టినా సరే, మెట్లదారి ఏ కాలంలోనూ మూయకూడదన్నాడు. దాని కోసమే తన హోటలుకు వచ్చేవాళ్లు ఉన్నారట. పరిశీలిస్తామన్నారు. ఇద్దరు సాక్షులు లేచి మూగరోజు తగ్గించవద్దన్నారు. మర్యాదగా విన్నారు.

తీర్మానం: సంత వైపు నాలుగు గదులు వెంటనే. కింది వాలు మీద నాలుగు గదులకు సర్వే. మూగరోజు ఇకపై సగం రోజు. చేతులెత్తమంటే మండలి సభ్యులందరూ ఎత్తారు.

6. శనివారం

విత్తనాల వర్తకులు ఏటా జరుపుకునే సభ రాయడానికి రెండో గదికి వెళ్లాను. సాక్షి పీట మీద నూకరత్నం అప్ప ఉంది.

ఈ రోజు ఆమె మూగరోజు. గుమ్మానికి విస్తరి కట్టుకుని ఇంట్లో ఉండాల్సిన రోజు. గోడవైపు తిరిగి ఉండడంతో నన్ను చూసిందో లేదో తెలియదు. గది గుమాస్తాను బయటికి పిలిచి అడిగాను. రావలసిన సాక్షికి జ్వరమట. ఈమె పొద్దున్న సగం రోజు ఇంట్లోనే ఉందనీ, నిన్నటి తీర్మానం ప్రకారం అది చాలుననీ అన్నాడు. నిన్నటి తీర్మానం ఇంకా ఒప్పజెప్పలేదు కాబట్టి ఇంకా తీర్మానమే కాదని చెప్పాను. "ఒక్క రోజు తేడాకి ఇంత పట్టింపేటి బావూ," అన్నాడు.

లోపల తడిసిన బస్తాల గురించి పోట్లాట నడుస్తోంది. అమ్మినవాడు వెనక్కి తీసుకోవాలా అక్కర్లేదా అన్నది తగవు. అక్కర్లేదని తేల్చారు.

7. ఆదివారం

జరిగింది జరిగిన వరసలో రాస్తున్నాను.

మున్సిఫ్ గారు తాడుబండిలో వచ్చారు. మండలి ఒకవైపు, ఊరి పక్షాన నేను ఇంకోవైపు. నూకరత్నం అప్ప నిలబడి మొదలుపెట్టింది. సంత వైపు నాలుగు గదులు, వెంటనే. గొంతు నిలకడగానే ఉంది. కింది వాలు మీద నాలుగు గదులకు సర్వే. తడిసిన బస్తా వెనక్కి తీసుకోబడదు. మూగరోజు ఇకపై సగం రోజు.

వెనక ఎవరో నవ్వి, వెంటనే ఆపుకున్నారు. అప్ప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

విన్నది ఇదేనా అని మున్సిఫ్ గారు మండలిని అడిగారు. మృణాళిని గారు అప్ప వైపు చూశారు. తర్వాత, బస్తా మాట మా సభలోది కాదు అన్నారు. అబద్ధం చెప్పమని ఆవిడను ఎవరు అడగగలరు? ఆయన నా వైపు తిరిగారు. నేనూ కాదంటే సాక్షి కొట్టివేత. ఆమెతోపాటు రేవుపేట. ఔనంటే నేను నా చెవులతో వినని మాటను విన్నానని చెప్పినట్టు.

"అయ్యా, ఇది ఒప్పజెప్పు అవునో కాదో ముందు తేల్చండి. నిన్న ఈమెకు మూగరోజు లేదు. మధ్యాహ్నం నుంచి రెండో గదిలో విత్తనాల సభకు సాక్షిగా కూర్చుంది. నేను అక్కడున్నాను," అన్నాను.

మండలి గుమాస్తా లేచి సగం రోజు సంగతి ఎత్తాడు. ఆ మార్పు ఇప్పుడు ఒప్పజెబుతున్న దాంట్లోనే ఉంది కాబట్టి నిన్నటికి పాత ఆచారమే వర్తిస్తుందని మున్సిఫ్ గారు అన్నారు. అప్పను అడిగారు, నిన్న మాట్లాడావా అని.

"మాటాడలేదండి. ఇనమన్నారు, ఇన్నాను."

మూగరోజు లేనిది ఒప్పజెప్పు కాదనీ, ఒప్పజెప్పు కానప్పుడు తప్పు సాక్ష్యం ప్రశ్నే రాదనీ ఆయన తేల్చారు. సాక్షిని కొట్టేయలేదు. మండలి తీర్మానం చెల్లలేదు. నేను సంచీ సర్దుకుంటుంటే ఆయన ఇంకో ప్రశ్న వేశారు. ఈ సీజనులో ఇలా ఇంకెన్ని జరిగాయి?

గుమాస్తా మండలి వైపు చూశాడు. తొమ్మిదిమంది సాక్షుల్నీ పిలిపించారు. ఒక్కొక్కరే చెప్పారు. సాయంత్రానికి ఈ సీజను ఒప్పందాల్లో సగానికి పైగా చెల్లవని తేలింది.

8. బుధవారం

మూడు రోజులుగా తాడుబండి కిందికి నిండుగా, పైకి ఖాళీగా నడుస్తోంది. ఓ కొత్తజంట పెళ్లి ఒప్పందం కూడా చెల్లని వాటిలో ఉంది. మళ్లీ ఒప్పజెప్పించడానికి ఎర్రమెట్ట వెళుతున్నామని ఆ పిల్ల తండ్రి నాతో చెప్పాడు. హోటళ్లలో వంటవాళ్లను మానుకోమన్నారు. పత్రికకు ప్రకటనలు లేవు.

ఉన్నదున్నట్టు రాశాను. మూగరోజున సాక్షుల్ని పిలవడం మండలికి తెలిసే జరిగిందనీ, సాక్షులు వద్దనలేదనీ, ఊళ్లో మేమెవరమూ అడగలేదనీ రాశాను. ఈ చివరి మాట ఎవరికీ నచ్చలేదు.

పొద్దున్న వచ్చేసరికి అచ్చు కొట్టు తలుపుకు ఎవరో విస్తరి బోర్లించి కట్టారు. ఇక నాతో ఎవరూ మాట్లాడరని అర్థం. టీ కొట్టు వీరన్న గ్లాసు బల్ల మీద పెట్టి అటు తిరిగాడు. టీ మాత్రం ఎప్పటికంటే వేడిగా ఉంది. విస్తరి విప్పి పారేద్దామని చెయ్యి పెట్టాను. ముడి బిగుసుకుంది. కాగితం ఆరాక తీద్దాంలే అని వదిలేశాను.

9. గురువారం

మృణాళిని గారు వచ్చారు. తలుపు మీద విస్తరి చూసి కూడా లోపలికి వచ్చారు. తాను ఈ ఊరి మనిషిని కాదు కదా అన్నారు.

కోపంగా లేరు. రెండు రాత్రులు నిద్ర లేనట్టు ఉన్నారు. నలభైమంది పనివాళ్లు పొద్దున్నుంచి తన గుమ్మం ముందు కూర్చున్నారట. కొత్త గదులు కట్టి, బయటి నుంచి సాక్షుల్ని రప్పించి మళ్లీ మొదలుపెట్టాలి. సంత వైపు స్థలం ఇస్తామన్నవాళ్లు వెనక్కి తగ్గారు. మిగిలింది కింది వాలు. దానికి రేవుపేట ఒప్పందం అడ్డం. అందుకని ఆ ఒప్పందాన్ని మళ్లీ ఒప్పజెప్పించమని మున్సిఫ్ గారిని కోరారట.

తొమ్మిదేళ్లుగా రాని అనుమానం ఇప్పుడెందుకని అడిగాను.

"ఆమెకు మాటలు కలిసిపోతున్నాయని ఆదివారం అందరం విన్నాం. కానీ అది పనిభారం వల్లనే అని రుజువు చేసింది మీరు. ఈ సీజనంతా ఆమెకు అదే పనిభారం ఉంది కదా. ఆ జ్ఞాపకంలో ఏది చెడిందో, ఏది చెడలేదో ఎవరు చెప్పగలరు? అనుమానం నేను తెచ్చింది కాదు, సన్యాసిరావు గారూ. మీ నిజంలోంచే వచ్చింది."

తీగె మీది కాగితాలు తిరగేశాను. 

ఒప్పజెప్పు ఆదివారం. తోట యజమాని మేనల్లుడు వస్తాడు గానీ అతను ఆనాడు లేడు కాబట్టి ఔనో కాదో అనే హక్కు లేదు. పోలమ్మ ఔననాలి. అయితే ఆనాడు లేని మాట కలిసిందని ఎవరు రుజువు చూపినా కొట్టివేతే.

10. శనివారం

అప్ప ఇంటి గుమ్మానికి గురువారం నుంచే విస్తరి ఉంది. ఎవరూ అడగకుండా తనే మూడు మూగరోజులు పట్టింది. దూరం నుంచి చూసి వచ్చాను. అప్పలకొండ అరుగు మీద ఆకులు తుడుస్తున్నాడు. లోపల అప్ప కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం. ఆయన పక్కన విప్పేసిన ఆకుల గుట్ట మోకాలి ఎత్తుంది.

11. ఆదివారం

ఈసారి నేను ఏ పక్షమూ కాదు. వెనక బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. రేవుపేట మొత్తం మెట్లెక్కి వచ్చి బయట నిలబడింది.

అప్ప ఒళ్లో ఆకులు పెట్టుకుని, కూర్చునే చెబుతానంది. మున్సిఫ్ గారు ఒప్పుకున్నారు. ఒక్కో ఆకు తీసి, పుల్ల గుచ్చుతూ చెప్పింది. వాలు మీద ఇళ్లు కట్టుకోవచ్చు. పొయ్యి వెలిగినంత కాలం ఆ ఇళ్లు వాళ్లవే. గెడ్డలో పారే నీళ్లు రెండు పూటలా తోడుకోవచ్చు. తోట చెట్లు కొట్టకూడదు. చేపలు తోటకు ఎగువన ఎండబెట్టకూడదు. చచ్చినవాళ్లకు తూర్పు మూల. ఈ మాట తోట చేతులు మారినా మారదు.

ఏడాకులు. బయట ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నేనూ వదిలాను.

ఆమె చెయ్యి ఒళ్లోకి వెళ్లి ఇంకో ఆకు తీసింది.

"మెట్లదారి ఏ కాలంలోనూ మూయకూడదు."

పుల్ల గుచ్చింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. అయిపోయిందండి అంది.

మున్సిఫ్ గారు పోలమ్మను అడిగారు, విన్నది ఇదేనా అని. పోలమ్మ అప్ప వైపు చూడలేదు. సూటిగా మున్సిఫ్ గారి వైపు చూసి, "ఔను," అంది.

ఎవరికైనా అభ్యంతరం ఉందా అని ఆయన గదిని అడిగారు. మేనల్లుడు గోళ్లు చూసుకుంటున్నాడు. మృణాళిని గారు వెనక్కి తిరిగి నా వైపు చూశారు. బహిరంగ సభలో హోటలాయన అన్న ఇదే మాట ఆవిడా విన్నారు. కానీ ఆ మెట్లు ఎప్పటివో ఆవిడకు తెలియదు. ఆవిడ వచ్చేసరికే ఉన్నాయి. నా దగ్గర ఏమైనా ఉందా అని ఆ చూపు అడుగుతోంది. నేను ఆవిడ కళ్లలోకే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆవిడే అటు తిరిగారు.

ఒప్పందం నిలిచింది. బయట అరుపులు, ఏడుపులు. ఓ ముసలామె మెట్ల మీద కూలబడిపోయింది.

12. సోమవారం

ఉదయం రేవుపేటకు దిగాను. పోలమ్మ చేపలు తిరగేస్తోంది. నాతో మాట్లాడకూడదన్న ఊరి కట్టు ఆమె పట్టించుకోలేదు. ఆ ఒప్పందం ఏడాకులదని అప్ప నాతో ఒకసారి అందని చెప్పాను.

"ఆ దినం గదిలో నువ్వున్నావేటి?"

లేనన్నాను.

"నానున్నాను. మరి నువ్వెందుకు ఆకులు లెక్కెడతన్నావు?"

మెట్లు కట్టింది నాలుగేళ్ల కిందటే కదా అన్నాను. ఆమె చేపను తిరగేసింది, ఇంకోదాన్ని తిరగేసింది. తర్వాత పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. ఈసారి డబ్బులు తీసుకోలేదు. తీసుకోమని రెండుసార్లు అడిగాను. పొట్లం ఆమె గంప పక్కన రాయి మీద పెట్టి వచ్చేశాను.

తిరిగి వస్తూ అప్ప ఇంటి ముందు ఆగాను. గుమ్మానికి విస్తరి అలాగే ఉంది. అప్పలకొండ లేచి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. నిన్న ఇంటికి రాగానే ఆమె ఆ విస్తరి ఆకులు లెక్కపెట్టిందట. రెండోసారి లెక్కపెట్టిందట. తర్వాత పుల్లలన్నీ లాగేసి పొయ్యిలో పెట్టి, ఇక పీట మీద కూర్చోనని మండలికి కబురు పంపమందట. అప్పటి నుంచి మాట లేదు. "ఎన్నాల్లో సెప్పలేదు," అన్నాడు.

మధ్యాహ్నం వార్త కూర్చాను. "రేవుపేట ఒప్పందాన్ని సాక్షి కొయ్య నూకరత్నం ఆదివారం మున్సిఫ్ ఎదుట ఒప్పజెప్పారు. పేట తరఫున మైలపల్లి పోలమ్మ ఔనన్నారు. అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. కింది వాలు మీద సభాగదుల ఆలోచనను పర్యాటక మండలి విరమించుకుంది. నూకరత్నం ఇకపై సాక్షిగా కూర్చోరు."

రెండుసార్లు చదివాను. ప్రతి వాక్యం నిజం. అచ్చు వేసి తీగె మీద ఆరేశాను.

మెట్లు కట్టిన కుర్రాళ్లు ఊళ్లోనే ఉన్నారు. నాలుగేళ్ల నాటి సంచిక అటక మీద ఉంది. అడిగితే నేను అబద్ధం చెప్పను, ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ఎవరైనా వచ్చి అడగాలి, అంతే.

కొట్టు తలుపు వేసేటప్పుడు విస్తరి చేతికి తగిలింది. ఆకులు ఎండి గలగలమంటున్నాయి. ముడి వదులైంది, లాగితే ఊడి వస్తుంది. మళ్లీ బిగించి కట్టి లోపలికి వచ్చాను.